తాతగారు రాసిన ‘హాజరు’

ప్రశ్న: మా తాతగారు నెల్లూరు జిల్లాలో ఒక పల్లెకు గ్రామ మునసబుగా చేశారు. ఊరి చివర ఎరుకల వారి గుడిసెలు ఉండేవట. వారిలో మగవాళ్లు రోజూ రాత్రి రెండు మార్లు చావడి దగ్గరికి వచ్చి, పేరు పిలిచినప్పుడు పలికి వెళ్లాలి. అది అప్పటి రూలు. ఒక రాత్రి వారిలో ఒకతను రాలేదు. ఆరేడు మైళ్ల దూరంలో ఉన్న కూతురికి పురిటి నొప్పులు మొదలై, కాన్పు కష్టమవుతోందని కబురొస్తే, అనుమతి చీటీ కోసం ఆగకుండా వెళ్లిపోయాడు. పోయేముందు తాతగారికి మాత్రం చెప్పి పోయాడు. తెల్లవారుజామున కానిస్టేబులు తనిఖీకి వస్తే, తాతగారు పట్టీలో అతని పేరుకు ఎదురుగా ‘హాజరు’ అని రాసి చూపించారు. ఇది 1940 ప్రాంతపు సంగతి. ఆ రాత్రి లాంతరు పట్టుకుని పక్కన నిలబడిన మా పెద్దమ్మకు అప్పుడు తొమ్మిదేళ్లు. ఆమె ఇప్పటికీ ఈ కథ చెబుతుంది, మేమంతా గర్వంగా వింటాం.

మా తమ్ముడు రెవెన్యూ శాఖలో ఉద్యోగి. ఈ మధ్య ఒక వాచ్‌మన్ కూతురికి గురుకుల పాఠశాలలో సీటు కోసం ఆదాయ ధ్రువపత్రం కావలసి వచ్చింది. వాళ్ల ఆదాయం పరిమితి కన్నా కాస్త ఎక్కువ. తమ్ముడు తక్కువ వేయించి ఇప్పించాడు. పైసా తీసుకోలేదు. తప్పు కదరా అంటే, “తాతయ్య చేస్తే ధర్మం, నేను చేస్తే తప్పా అక్కా?” అన్నాడు. మా వారు న్యాయవాది. ఇద్దరిదీ తప్పేననీ, చట్టం నచ్చకపోతే మార్పించుకోవాలి గానీ ఎవరికి వారు మీరుతూ పోతే రాజ్యం నడవదనీ ఆయన అంటారు. గాంధీగారు అందరి ఎదుటా ఉప్పు చట్టాన్ని ఉల్లంఘించి జైలుకు వెళ్లారు, మీ తాతగారు చాటుగా అబద్ధం రాశారు, ఆ రెండూ ఒకటెలా అవుతాయని కూడా అడుగుతారు. నేను ఎవరికీ జవాబు చెప్పలేకపోయాను. — ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందు నా అభిప్రాయం చెప్పి, కారణాలు తర్వాత రాస్తాను. మీ తాతగారు చేసింది న్యాయమైన పని. మీ తమ్ముడిది మంచి మనసుతో చేసిన తప్పు. మీ వారి మాటల్లో సగం ఒప్పుకుంటాను, మిగతా సగం ఎంత ఆలోచించినా ఒప్పుకోలేకపోతున్నాను.

ఆ హాజరుపట్టీ ఎక్కడి నుంచి వచ్చిందో మొదట చూడాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో దాని సంగతి ‘అప్పటి రూలు’ అన్న రెండు మాటలతో ముగిసిపోయింది. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో ఉత్తర భారతంలోని కొన్ని ప్రాంతాల కోసం నేరస్థ జాతుల చట్టం చేసింది. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు రాజధానికి (ప్రెసిడెన్సీకి) కూడా వర్తించేలా విస్తరించింది. మామూలు శిక్షాస్మృతి ఫలానా మనిషి ఫలానా నేరం చేశాడా లేదా అని అడుగుతుంది, రుజువు కోరుతుంది, నిందితుడి మాట వింటుంది. ఈ చట్టానికి ఆ అవసరమే లేకపోయింది. ఒక తెగను నేరస్థ జాతిగా గెజిట్‌లో ప్రకటిస్తే చాలు, అందులో పుట్టినవాళ్ల పేర్లు రిజిస్టరుకు ఎక్కించి, వేలిముద్రలు తీసుకుని, ఏ వేళకు ఎక్కడ హాజరు చెప్పాలో, ఊరు దాటాలంటే ఎవరికి తెలియజేయాలో అధికారులు ఆదేశించవచ్చు. కుటుంబాలను ఉన్న చోటి నుంచి లేపి సెటిల్‌మెంట్లకు, అంటే నిఘాలో ఉంచే కాలనీలకు, తరలించవచ్చు, పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడుల్లో పెట్టవచ్చు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలా వెలసిన ఊరే. మద్రాసు ప్రభుత్వంలో ఉన్నతాధికారిగా ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టి, నిర్వహణను సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించారు. మీ జిల్లాలోని కప్పరాళ్లతిప్ప కూడా అటువంటి సెటిల్‌మెంటే.

ఎరుకల వారిలో ఒక శాఖ వారిని ఉప్పు ఎరుకలు అంటారు. సముద్ర తీరం నుంచి ఉప్పును పశువుల మీద వేసుకుని లోపలి ఊళ్లకు నడిచి, అక్కడ ధాన్యానికి మారకం వేయడం వారి తరతరాల బతుకుతెరువు. ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం బిగుసుకుని, సరుకు రైలు బండ్లలో పోవడం మొదలైన తర్వాత ఆ వ్యాపారం చితికిపోయింది. ఊరూరా తిరిగే అలవాటు ఉండి, తిరగడానికి కారణం పోయిన మనుషులను చూసి ప్రభుత్వానికి అనుమానం కలిగింది. వారి జీవనాధారాన్ని పోగొట్టినదీ ఆ ప్రభుత్వమే, జీవనాధారం లేదు కాబట్టి దొంగలై ఉంటారని తీర్మానించినదీ ఆ ప్రభుత్వమే.

న్యాయవాది అయిన మీ వారు ఒక్క సంగతి గమనించాలని నా మనవి. ఒక తెగను నేరస్థ జాతిగా ప్రకటించడం సరైనదా కాదా అన్న విషయంలోకి న్యాయస్థానాలు వెళ్లకూడదని ఆ చట్టంలోనే రాసి ఉంది. గెజిట్ ప్రకటనే దానికి తిరుగులేని రుజువు. అంటే పట్టీలో పేరున్న మనిషి కోర్టు గుమ్మం దాకా వెళ్లగలిగినా, ‘నేను పుట్టుకతో దొంగను కాను’ అన్న ఒక్క మాట వినే అధికారం అక్కడి న్యాయమూర్తికి లేదు. ఓటు ద్వారా మార్పించుకుందామంటే, ఆ రోజుల్లో ఓటు హక్కు ఆస్తిని, పన్నును, చదువును బట్టి వచ్చేది. బుట్టలు అల్లుకుని, పందులను మేపుకుని బతికే మనిషికి అది అందేది కాదు. గట్టిగా ఎదురు తిరిగిన వాళ్లకు ఏం జరిగిందో మదురై దగ్గరి పెరుంగామనల్లూరు చూసింది: 1920 ఏప్రిల్ 3న వేలిముద్రలు ఇవ్వబోమని నిలబడిన కళ్లర్ తెగవారి మీద పోలీసులు కాల్పులు జరిపితే అక్కడికక్కడే మనుషులు చనిపోయారు.

చట్టం నచ్చకపోతే మార్పించుకోవాలి అన్న సూత్రం నాకు కూడా ఇష్టమైనదే. అయితే ఆ మాట చెప్పాలంటే, మార్పించుకునే దారిలో కనీసం ఒక్క తలుపైనా తెరిచి ఉండాలి. ఒక చట్టం తన కింద నలిగేవాడికి కోర్టును మూసి, ఓటును మూసి, చివరికి ఊరి పొలిమేరను కూడా మూసినప్పుడు, అది అతని నుంచి విధేయతను బలవంతంగా రాబట్టగలదే తప్ప న్యాయంగా అడగలేదు. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో రద్దయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. విముక్త జాతుల వారు ఈనాటికీ ఆ తేదీని తమ విముక్తి దినంగా జరుపుకుంటారు. మద్రాసు రాజధానికి వచ్చిన నాటి నుంచి లెక్కవేసినా ముప్పై ఆరేళ్లు. పురిటి నొప్పులతో ఉన్న కూతురు అన్నేళ్లు ఆగలేదు.

ఇక మీ తాతగారి స్థానం. ఆయన కేవలం చూసి ఊరుకునే మనిషి కారు. రిజిస్టరులో ఉన్నవాడు ఊరు విడిచి వెళితే వెంటనే పోలీసులకు తెలియజేయవలసిన బాధ్యతను ఆ చట్టం గ్రామాధికారి మీద పెట్టింది. తెలిసి దాచడం ఆయనకు కూడా శిక్షార్హమే. మునసబు పని వంశపారంపర్యంగా వచ్చేది, ఊళ్లో గౌరవమంతా దాని చుట్టూ అల్లుకుని ఉండేది. ఆ రాత్రి లాంతరు వెలుగులో ఆయన రాసిన మూడక్షరాలతో పోగలిగింది ఆయన ఉద్యోగం, ఆయన పరువు. మరెవరి సొమ్మూ కాదు. చట్టం మీరి ఒకరికి సాయం చేశామని ఎవరు చెప్పినా నేను అడిగే ప్రశ్నలు రెండే: ఆ చట్టమే ఆ మనిషికి కీడు చేస్తోందా? నువ్వు మీరినందుకు ఖర్చు ఎవరి నెత్తిన పడింది? మీ తాతగారి విషయంలో రెండింటికీ జవాబు స్పష్టంగా ఉంది.

స్పష్టంగా ఉంది అన్నాను గానీ, మీ వారు అడగని చిక్కు ప్రశ్న ఒకటి నన్ను రెండు రోజులు వెంటాడింది. ఆ రాత్రి పక్క ఊళ్లో దొంగతనం జరిగి ఉంటే? అతను చెప్పింది అబద్ధమై ఉంటే? అప్పుడు ‘హాజరు’ అన్న మాట ఒక దొంగకు రక్షణ పత్రం అయ్యేది, దాని నష్టం ఎవరో రైతు మీద పడేది. ఈ ప్రమాదం లేదని నేను అనలేను. కానీ ఆ మనిషి ఎవరో, ఎక్కడికి, ఎందుకు వెళుతున్నాడో మీ తాతగారికి తెలుసు. చెప్పి వెళ్లాడు, ఆయన నమ్మారు. చట్టం ఒక తెగనంతా కలిపి అనుమానించింది, ఆయన ఎదుట నిలబడిన ఒక్క మనిషిని చూసి తీర్పు చెప్పారు. పొరబడే అవకాశం రెండు చోట్లా ఉన్నా, చట్టం తన పొరపాటును సరిదిద్దుకునే ఏర్పాటే లేకుండా చేసుకుంది. అతను దొంగ అని తేలితే మీ తాతగారు పిలిచి అడిగేవారు, మరునాటి నుంచి నమ్మేవారు కారు. ముఖం తెలియని వాడి కోసం, విన్న మాట విన్నట్టు నమ్మి ఆయన ఆ పని చేసి ఉంటే, ఇంత ధైర్యంగా నేను సమర్థించేవాణ్ణి కాను.

చాటుగా చేయడం గురించి. గాంధీగారి పద్ధతి మీద మీ వారికున్న గౌరవం నాకూ ఉంది. 1922లో అహ్మదాబాదు న్యాయస్థానంలో ఆయన తాను చేసింది చట్టం దృష్టిలో నేరమేనని ఒప్పుకుని, దానికి గరిష్ఠ శిక్ష వేయమని స్వయంగా అడిగి, ఆరేళ్ల జైలు శిక్షను స్వీకరించారు. 1930లో దండిలో, మన వైపు దేవరంపాడు వంటి శిబిరాల్లో, ఉప్పు వండినవాళ్లు పోలీసుల కళ్లెదుటే వండారు. (ఎరుకల వారి బతుకును ముందుగా కొరికింది ఆ ఉప్పు మీది పెత్తనమే కాబట్టి, ఈ రెండు కథలు ఒకే మూలం నుంచి వచ్చినవని నాకు అనిపిస్తుంది. ఉప్పు సత్యాగ్రహం జరిగిన ఏడాది పుట్టినందుకు నాస్తికవాది గోరాగారు తన కొడుకుకు లవణం అని పేరు పెట్టారు. ఆ లవణంగారే పెద్దయ్యాక, కవి జాషువాగారి కుమార్తె అయిన తన భార్య హేమలతగారితో కలిసి స్టువర్టుపురంలో ఏళ్ల తరబడి పనిచేశారు.) అయితే ఉప్పు వండినవాడు బహిరంగంగా వండితే లాఠీ దెబ్బ అతని తల మీదే పడుతుంది. మీ తాతగారు చావడి మెట్ల మీద నిలబడి ‘అతను ఊరు దాటాడు, నేను తెలిసే ఊరుకున్నాను’ అని ప్రకటిస్తే, ఆ నిజాయితీకి మూల్యం చెల్లించవలసినవాడు పుట్టబోయే మనవడి కోసం చీకట్లో నడుస్తున్న ఆ ఎరుకలాయన. మన నిర్భయత్వాన్ని మరొకరి వీపు మీద చాటుకునే హక్కు మనకు లేదు.

దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ అమెరికాది. 1850లో అక్కడ చేసిన చట్టం ప్రకారం బానిసత్వం నుంచి పారిపోయి ఉత్తరాది రాష్ట్రాలకు చేరినవాణ్ణి పట్టి యజమానికి అప్పగించాలి. పట్టుబడినవాడు తన తరఫున సాక్ష్యం చెప్పడానికి వీల్లేదు. విచారణ చేసే కమిషనర్ అతన్ని యజమానికి అప్పగిస్తే పది డాలర్లు, విడిచిపెడితే ఐదు డాలర్లు రుసుము. దారిన పోయే పౌరులను కూడా పట్టుకోవడంలో సాయం చేయమని అధికారి ఆదేశించవచ్చు. ఆశ్రయమిస్తే వెయ్యి డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. నలిగేవాడి నోరు మూయడం, పొరుగువాణ్ణి పోలీసుగా మార్చడం అన్న రెండు లక్షణాలూ నెల్లూరు చావడిలోని పట్టీకి, ఈ చట్టానికి ఉమ్మడివే.

1858 సెప్టెంబరులో ఒహాయో రాష్ట్రంలోని ఓబర్లిన్ దగ్గర జాన్ ప్రైస్ అనే యువకుణ్ణి పట్టుకుని, రైలెక్కించడానికి పక్కనున్న వెల్లింగ్టన్‌లో ఒక హోటల్లో ఉంచారు. కబురు తెలిసి ఓబర్లిన్ జనం గుంపుగా వెళ్లి అతన్ని విడిపించారు. ముప్పై ఏడు మంది మీద అభియోగాలు నమోదైతే, విచారణ జరిగి శిక్ష పడింది ఇద్దరికి. వారిలో ఒకరైన చార్లెస్ లాంగ్‌స్టన్ నల్లజాతి ఉపాధ్యాయుడు. తన సాటివారు లేని జ్యూరీ, తన జాతి పట్ల ద్వేషం నిండిన చోట తనను విచారించిందని ఆయన న్యాయమూర్తి ముఖం మీదే చెప్పారు. పడిన శిక్ష ఇరవై రోజుల జైలు, వంద డాలర్ల జరిమానా. మీ వారు ఒక సంగతి చూడాలి. తాము చేసినదాన్ని వాళ్లు దాచలేదు, జైలుకు వెళ్లారు. ప్రైస్‌ను మాత్రం ఒక అధ్యాపకుడి ఇంట్లో దాచి, కెనడాకు పంపించేశారు. తమకు సంబంధించినంత వరకు బహిరంగం, అతనికి సంబంధించినంత వరకు రహస్యం. ఈ గీత సరైన చోటే పడిందని నా నమ్మకం. మీ తాతగారు పట్టుబడి ఉంటే తాను చేసినదాన్ని ఒప్పుకునేవారా అన్నది మనకు తెలియదు. ఒప్పుకునేవారని మీ పెద్దమ్మగారి మాటల తీరును బట్టి అనుకుంటున్నాను.

ఇప్పుడు మీ తమ్ముడు. ఆయన పైసా తీసుకోలేదన్నది చిన్న విషయం కాదు, ఆ జాలిని నేను తక్కువ చేయను. కానీ నా రెండు ప్రశ్నలూ ఆయన్ను అడిగి చూడండి. ఆ ఆదాయ పరిమితి వాచ్‌మన్ కూతురికి కీడు చేయడానికి పెట్టినది కాదు. ఉన్న కొద్దిపాటి సీట్లు లేనివాళ్లకు ముందు అందాలని పెట్టినది. ఎక్కడ గీత గీసినా దానికి రెండడుగుల అవతల నిలబడినవాళ్లకు బాధ కలుగుతుంది, ఆ బాధ నిజమైనదే, అంతమాత్రాన గీత అన్యాయమైపోదు. ఫలానా కులం పిల్లలను చేర్చుకోకూడదు అని నిబంధన ఉండి, దాన్ని తప్పించడానికి ఆయన కాగితం మార్చి ఉంటే నేను ఇప్పుడు వేరే ఉత్తరం రాస్తూ ఉండేవాణ్ణి.

రెండో ప్రశ్న ఇంకా బరువైనది. గురుకులంలో సీట్లు లెక్కకు ఉన్నవే. ఒక పేరు జాబితాలోకి ఎక్కితే, చివర ఉన్న మరో పేరు జారిపోతుంది. ఆ పిల్ల కూలివాళ్ల పిల్లే అయి ఉంటుంది, బహుశా ఈ పాపకన్నా బీదది. ఆమె తండ్రి మీ తమ్ముడి బల్ల ముందుకు వచ్చి చేతులు కట్టుకుని నిలబడలేదు కాబట్టి ఆమె ఆయనకు కనబడలేదు. తాతగారు తన ఉద్యోగాన్ని ఒడ్డి సాయం చేస్తే, తమ్ముడు పేరు కూడా తెలియని ఒక పిల్ల చదువును ఒడ్డాడు. పైగా వాచ్‌మన్‌కు తలుపులు మూసి లేవు: కలెక్టరాఫీసులో సోమవారం నాడు జరిగే గ్రీవెన్స్ ఉంది, సమాచార హక్కు ఉంది, ఓటు ఉంది, కోర్టు ఉంది. ఇవన్నీ నెమ్మదిగా కదిలేవే, ఒప్పుకుంటాను. ఎరుకలాయనకు నెమ్మదిగా కదిలేవి కూడా లేవు.

ప్రాణం మీదికి, మానం మీదికి వచ్చినప్పుడు అబద్ధమాడితే పాపం లేదని శుక్రాచార్యుడు బలికి చెప్పిన మాట మీ తమ్ముడు ఎత్తవచ్చు. ఇటువంటి సందర్భాల్లో మనవాళ్లు అందరూ ఎత్తేదే. ఆ ఉపదేశం బలి తన రాజ్యాన్ని తాను కాపాడుకోవడానికి చెప్పినదనీ, బలి దాన్ని వినలేదనీ గుర్తు చేయండి.

ఏం చేయాలన్నది మీరు అడగకపోయినా నాకు తోచింది చెబుతాను. మీరు ఆయన మీద ఫిర్యాదు చేయవద్దు. అక్క చేయవలసిన పని అది కాదు, ఆయనకు తనంతట తాను సరిదిద్దుకునే వ్యవధి ఇవ్వాలి. సీటు ఇంకా ఖరారు కాకపోతే, ఆ పత్రం తప్పని తహసీల్దారుకు ఆయనే చెప్పి వెనక్కు తీసుకోవాలి, ఆలస్యం చేయకూడదు. ఖరారైపోతే ఇది మరింత కష్టమైన పని, ఎందుకంటే మధ్యలో ఏ తప్పూ చేయని ఒక ఆడపిల్ల ఉంది. అయినా నా సలహా అదే. మెమో రావచ్చు, ఇంక్రిమెంటు ఆగవచ్చు, అంతకన్నా ఎక్కువే కావచ్చు. తాతయ్య పేరు ఎత్తుకున్నవాడు తాతయ్య సిద్ధపడిన దానికి కూడా సిద్ధపడాలి. ఆ పాపకు మరో బడి చూసి, ఫీజు, పుస్తకాలు, హాస్టలు ఖర్చు తన జీతంలోంచి కట్టమనండి; ఆమె మీద ఆయనకున్న ఆదరణ నిజమైనదని నేను నమ్ముతున్నాను కాబట్టే ఇది అడుగుతున్నాను. మీ ఇద్దరూ కలిసి కడితే ఇంకా మంచిది. ఆదాయ పరిమితి జీవన వ్యయానికి తగ్గట్టు లేదని ఆయనకు అనిపిస్తే, రోజూ ఆ దరఖాస్తులు చూసే ఉద్యోగిగా పై అధికారులకు లెక్కలతో సహా రాయగలిగిన స్థానంలో ఆయన ఉన్నారు. అది కూడా చేయమనండి.

చివరిగా ఒక మాట. మీ ఉత్తరంలో తాతగారి సంగతి వివరంగా ఉంది, లాంతరు ఉంది, కానిస్టేబులు ఉన్నాడు. రాత్రికి రెండుసార్లు ఎవరి పేరును చావడి ముందు గట్టిగా పిలిచేవారో ఆ మనిషి పేరు మాత్రం లేదు. అతని కూతురు బతికిందా, బిడ్డ బతికిందా అన్నది కూడా లేదు. మీ పెద్దమ్మగారికి ఇప్పుడు తొంభై దాటి ఉంటాయి. ఆ పట్టీ చదువుతుంటే పక్కన నిలబడి విన్నది ఆమే కాబట్టి పేరు గుర్తుండవచ్చు. ఈ ఆదివారం వెళ్లి అడగండి, వీలైతే మీ తమ్ముణ్ణి కూడా వెంట తీసుకెళ్లండి.